వెనక్కి చూస్తూ ముందుకు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పోయిన నెల మా ఇంటికొచ్చి, "అమ్మా, పెన్షను గురించి, డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేందుకు మనలో చాలామంది ఉన్నారు. మీరు మాత్రం పడవల గురించి చెప్పండి" అన్నారు. ముప్పై ఏడేళ్ళు నన్ను టైపు మిషను దగ్గరా, ఆ తర్వాత కంప్యూటరు దగ్గరా చూసినవాళ్ళే ఇక్కడ ఎక్కువ. పొద్దున పదింటికి ఆఫీసుకు వచ్చే ముందు నేను రెండు గంటలు నీళ్ళ మీద ఉండి వచ్చేదాన్నని కొందరికే తెలుసు. అరచేతుల్లో కాయలు చూసి, "ఇంట్లో రోలూ రోకలా?" అని అడిగిన సూపరింటెండెంటు గారు కూడా ఉండేవారు. ఆ కాయల కథే ఈ రోజు చెబుతాను.

నేను పుట్టింది కృష్ణపట్నం దగ్గర, బకింగ్‌హామ్ కాలువ గట్టు మీది ఊళ్ళో. మా నాయన పబ్లిక్ వర్క్స్ శాఖలో లాకుల దగ్గర పనిచేసేవాడు. మనలో కుర్రవాళ్ళకు ఆ కాలువంటే ఉప్పుటేరు, తుమ్మచెట్లు, బురద. అప్పుడు అది మా రోడ్డు, మా రైలు. మద్రాసు నుంచి ఉత్తరంగా ఆ కాలువ తవ్వకం 1806లో మొదలైంది. 1877-78 కరువులో పనికి ఆహారం లేని జనంతో మద్రాసు నగరంలో కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి స్థిరపడింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉప్పు, సున్నపు గుల్ల, సరుగుడు కట్టెలు పడవల మీద మద్రాసుకు పోతుండేవి. గాలి ఉంటే చాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గెడ వేసేవాళ్ళు, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడు భుజానికేసుకుని లాగేవాళ్ళు.

లాకుల దగ్గర ఒక చిన్న సర్కారు పడవ ఉండేది. నీటి మట్టం చూసి రావడానికి నాయన దాంట్లో వెళ్ళేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు తెడ్డు చేతికిచ్చాడు. "నీళ్ళను కొట్టబాకు, నీళ్ళను పట్టుకుని నువ్వు జరుగు" అన్నాడు. తర్వాత నాకు శిక్షణ ఇచ్చిన వాళ్ళెవరూ దానికి మించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అయితే పన్నెండేళ్ళు వచ్చేసరికి అమ్మ తెడ్డు లాగేసుకుంది. మా తీరంలో ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, గంపలు మోస్తారు. పడవెక్కి వేటకు మాత్రం పోరు. లాకు ఉద్యోగి కూతురికి వేట లేకపోయినా ఆ కట్టుబాటు తప్పలేదు.

1978లో ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాను. సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద కూర్చోవడం అందరికీ అలవాటే కదా. ఒకరోజు హుస్సేన్‌సాగర్‌లో సన్నటి, పొడుగాటి పడవ ఒకటి కనిపించింది. నలుగురు మనుషులు, ఒకే మనిషిలా వంగి లేస్తున్నారు. ఆ పడవ వెళ్ళిన తీరు చూసి నాకు ఏడుపొచ్చింది. మా కాలువ గుర్తొచ్చిందో, పన్నెండో ఏట పోయిన తెడ్డు గుర్తొచ్చిందో చెప్పలేను. వారం తిరక్కుండా ఆ క్లబ్బు గుమ్మంలో నిలబడ్డాను.

ఆడవాళ్ళను చేర్చుకోకూడదని వాళ్ళ నిబంధనల్లో లేదు. చేర్చుకోవాలనీ లేదు. బట్టలు మార్చుకోవడానికి గది లేదు. "ఎండకు నల్లబడిపోతావమ్మా, పెళ్ళి కావలసిన పిల్లవి" అని ఒక పెద్దాయన నిజంగానే నా మేలు కోరి చెప్పాడు. తెడ్లు పెట్టే కొట్టులో తలుపు దగ్గరికేసుకుని బట్టలు మార్చుకునేదాన్ని. ఆరు నెలలకు ఇంకో అమ్మాయి వచ్చింది, ఏడాదికి మరో ఇద్దరు. నలుగురం అయిన రోజున క్లబ్బువాళ్ళు ఆ కొట్టుకు లోపలి నుంచి గడియ పెట్టించారు. నవ్వకండి, అది మాకు పెద్ద విజయం.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కేరళ పాము పడవల్లో మనుషులు ముందుకు చూస్తూ తెడ్డు వేస్తారు. రోయింగులో పడవ వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. గమ్యం కనబడదు, దాటి వచ్చిన నీళ్ళే కనబడతాయి. ఎనిమిది మంది పడవలో ముందుకు చూసేది ఒక్కరే. ఇంగ్లీషులో కాక్సు అంటారు, మన తీరం భాషలో సరంగు. చుక్కాని ఆ మనిషిది, నమ్మకం మిగతా ఎనిమిది మందిది. పడవ పొడవు అరవై అడుగులకు దగ్గరగా ఉంటుంది. ఒంటరి పడవ అయితే ఇరవై ఏడు అడుగులుండి పద్నాలుగు కిలోలే తూగుతుంది, అంటే ఒక గ్యాస్ బండ ఖాళీ సిలిండరు కంటే తక్కువ. కూర్చునే సీటుకు చక్రాలుంటాయి, పట్టాల మీద వెనక్కూ ముందుకూ జరుగుతుంది. అందుకని ఇది చేతుల ఆట కాదు, కాళ్ళ ఆట. పాదాలతో తన్ని, నడుము తెరిచి, చివర్లో చేతులు లాగాలి. తెడ్డు తప్పుగా దిగితే నీళ్ళు దాన్ని పట్టేసుకుంటాయి, పిడి వచ్చి డొక్కలో గుద్దుతుంది. దానికి ఇంగ్లీషువాళ్ళు 'పీతను పట్టడం' అని పేరు పెట్టారు. కృష్ణపట్నం పిల్లను కదా, మొదటి నెలలో పీతలు చాలానే పట్టాను.

మన దేశానికి ఈ ఆటను తెచ్చింది దొరలే. కలకత్తా రోయింగ్ క్లబ్బు 1858 నాటిది, అడయారు నది ఒడ్డున మద్రాస్ బోట్ క్లబ్బు 1867 నాటిది. దొరలకైనా ఆడవాళ్ళ సంగతి చాలా ఆలస్యంగానే తోచింది. ఒలింపిక్స్‌లో స్త్రీల రోయింగ్ పెట్టింది 1976లో, మాంట్రియల్‌లో. పెట్టినా పురుషులకు 2000 మీటర్లు, స్త్రీలకు 1000 మీటర్లే. అంతకంటే దూరం వీళ్ళ వల్ల కాదని పెద్దల అభిప్రాయం. 1988లో సియోల్ ఒలింపిక్స్ నాటికి గానీ ఆ తేడా పోలేదు. అంటే నేను క్లబ్బులో చేరినప్పుడు, బట్టలు మార్చుకునే గది లేక ఇబ్బంది పడింది నేనొక్కదాన్నే కాదు, ప్రపంచంలో సగం మందికి ఈ ఆటలో సగం దూరమే ఇచ్చారు.

పోటీల గురించి గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర పెద్దగా లేదు. ఒకసారి హౌరా రైల్లో రెండు రాత్రులు ప్రయాణం చేసి, కలకత్తా రవీంద్ర సరోవర్‌లో నలుగురం పందెంలో దిగాం. చివరి నుంచి రెండో స్థానం. మా వెనక వచ్చినవాళ్ళ తెడ్డు విరిగిందని తర్వాత తెలిసింది. అయినా ఆ రోజు 600 మీటర్ల దగ్గర ఒక ఇరవై తెడ్లసేపు మా పడవ కింద నీళ్ళు బుడబుడమని మాట్లాడాయి. నలుగురి తెడ్లూ ఒకే క్షణంలో దిగి, ఒకే క్షణంలో లేచినప్పుడే ఆ చప్పుడు వస్తుంది. ఆ ఇరవై తెడ్ల కోసం నేను మరో పదేళ్ళు నీళ్ళ మీదికి వెళ్ళాను.

1981లో పెళ్ళయింది. మా వారు మన ఆఫీసు మనిషే, మీకందరికీ తెలుసు. ఆయన అభ్యంతరం పెట్టలేదు. మా అత్తయ్య పెట్టారు. బాబు పుట్టాక ఆరో నెలలో నేను మళ్ళీ పడవ దగ్గరికి పోతానంటే, "చూసి మాట్లాడతా" అని ఆవిడే బాబును చంకనేసుకుని, ఫ్లాస్కులో పాలు పోసుకుని గట్టు మీదికి వచ్చారు. నేను తిరిగి వచ్చేసరికి, "నీ ముందున్న పిల్ల సరిగా లాగడంలా, దాన్ని మార్చమను" అన్నారు. ఆ పూట నుంచి ఆవిడే మా మొదటి సెలెక్టరు.

1990 నుంచి నేను పోటీలు తగ్గించి నేర్పడం మొదలుపెట్టాను. ఆ ఏడు మార్చి 10న సాగర్ మధ్యకు తీసుకుపోతున్న బుద్ధ విగ్రహం నీటిలో మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరు 1న మళ్ళీ పైకి తీసి నిలబెట్టేదాకా ఆ ప్రాంతం దాటుతున్నప్పుడు మా పిల్లలు మాట్లాడటం మానేసేవాళ్ళు. నీళ్ళను ఆటగా తీసుకోవచ్చు గానీ, అలుసుగా తీసుకోకూడదని ఆ రెండేళ్ళూ నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. నా మొదటి నిబంధన అప్పటిదే. ఈత రానిదే పడవ ఎక్కనివ్వను. ఎంత బలమున్న పిల్లయినా, ఎవరి సిఫారసు అయినా సరే. వినాయక నిమజ్జనం అయిన వారంలో వెదురు కర్రలు, ఇనప చట్రాలు నీళ్ళలో తేలుతుంటాయి గనక ఆ వారం పడవలు దించేవాళ్ళం కాదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెప్పకపోతే ఈ ప్రసంగం సన్మాన పత్రం అవుతుంది. అందుకని చెబుతున్నాను.

తొంభైల మధ్యలో నా దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకునేది. తండ్రి లేడు. పొడుగైన చేతులు, రాయిలాంటి కాళ్ళు. నేను ఎవరిలోనూ చూడని లయ ఉండేది ఆ పిల్లలో. మూడేళ్ళలో నేను కాలేకపోయింది ఈ పిల్ల అవుతుందని నాకు అనిపించింది. తప్పు అక్కడే మొదలైంది. పోటీలకు మూడు వారాల ముందు, "మేడమ్, ఊపిరి పీలిస్తే పక్కటెముక దగ్గర గుచ్చుతోంది" అంది. "కండరం పట్టి ఉంటుంది, ఓర్చుకో" అన్నాను. వారం తర్వాత మళ్ళీ చెప్పింది. "ఇంత దూరం వచ్చాక ఇదేం మాట?" అన్నాను. మూడోసారి చెప్పలేదు. చెప్పలేదంటే తగ్గిందని నేను అనుకున్నాను. కాదు, నాకు చెప్పడం మానేసింది.

పందెంలో సగం దూరం దాటాక ఆ పిల్ల తెడ్డు నీళ్ళలోనే ఆగిపోయింది. ఒడ్డుకు తెచ్చాక మాట్లాడలేకపోయింది. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, పక్కటెముక చిట్లిందన్నారు. రోయింగు చేసేవాళ్ళకు నడుము నొప్పి, పక్కటెముకల్లో ఇలాంటి సన్నటి చీలిక రెండూ బాగా తెలిసిన జబ్బులే. ఒకే చోట వేలసార్లు అదే ఒత్తిడి పడి ఎముక అలిసిపోతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. మొదటిసారి చెప్పిన రోజునే ఆపి ఉంటే కొన్ని వారాల విశ్రాంతితో పోయేది. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందే తెలుసుకోవడం నా బాధ్యత.

నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట తిట్టలేదు. మంచం వాల్చింది, కాఫీ ఇచ్చింది. నేను లేచి వస్తుంటే గుమ్మం దగ్గర, "మేడం గారూ, మీ కడుపున పుట్టిన బిడ్డ అయితే ఆ రోజు పడవ ఎక్కించేవారా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే జవాబు నాకు తెలుసు.

ఆ పిల్ల మళ్ళీ పడవ ఎక్కలేదు. చదువు పూర్తి చేసుకుంది, ఉద్యోగంలో స్థిరపడింది. ఏడాదికోసారి పలకరిస్తుంది. నన్ను క్షమించిందా అని నేను అడగలేదు. అది అడిగితే మళ్ళీ నా బరువు ఆమె మీద పెట్టినట్టే.

అప్పటి నుంచి నా దగ్గర రెండో నిబంధన వచ్చింది. పిల్ల 'నొప్పి' అంటే ఆ పూట తెడ్డు కింద పెట్టాల్సిందే. నిజమా, సాకా అని నేను విచారించను. సాకు అయితే ఒక పూట పోతుంది, నిజమైతే ఒక మనిషి మిగులుతుంది. దీనివల్ల మేము కొన్ని పందేలు పోగొట్టుకున్నాం. క్లబ్బులో కొందరు, ఈవిడకు గెలవాలన్న పట్టుదల తగ్గిందన్నారు. తగ్గిన మాట నిజమే. ఎంత తగ్గాలో అంతే తగ్గింది.

1996 నుంచి ఒలింపిక్స్‌లో తక్కువ బరువు వాళ్ళకు వేరే పందేలు పెట్టారు. స్త్రీలలో ఒక్కొక్కరు 59 కిలోలు దాటకూడదు, జట్టు సగటు 57. మన పిల్లల ఒడ్డూపొడుగుకు అది మంచి అవకాశమే. కానీ తూకం రోజు కోసం తిండి మానేసి, మంచినీళ్ళు కూడా తాగకుండా, కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లలను చూశాను. నా పిల్లలకు ఒకటే చెప్పాను. తినీ తాగీ ఆ బరువులో ఉంటే ఆ పందెం, లేకపోతే పెద్ద పందెం. 2024 పారిస్ ఒలింపిక్స్‌తో ఆ తక్కువ బరువు పందేలు ముగిశాయి.

ఇక మన దేశం సంగతి. ఆసియా క్రీడల్లో రోయింగ్ మొదలైంది 1982లో, జైపూర్ దగ్గర రామ్‌గఢ్ సరస్సులో. మనవాళ్ళు మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్ళింది 2000లో, సిడ్నీకి, కాసిం ఖాన్, ఇందర్‌పాల్ సింగ్. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ మనకు మొదటి బంగారు పతకం తెచ్చాడు. ఆ క్రీడల్లోనే ప్రతిమా పుహాన, ప్రమీలా ప్రవా మింజ్ అనే ఇద్దరు ఒడిశా అమ్మాయిలు జంట పందెంలో కాంస్యం గెలిచారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను ఆఫీసులో లడ్డూలు పంచాను. ఎవరికి పెళ్ళి కుదిరిందని మీరు అడిగారు, గుర్తుందా? అయితే 2024 పారిస్ దాకా రోయింగులో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్ళినవాళ్ళందరూ పురుషులే. ఆ ఖాళీ కుర్చీ ఇంకా అలాగే ఉంది.

రిటైరయ్యాక నెల్లూరు వచ్చేశాం. మా నాయన పనిచేసిన లాకుల దగ్గరికి వెళ్ళాను. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. మా ఊరి ముక్కలో మాత్రం పడవ జాడ లేదు. గట్టున నిలబడి, అంతా అయిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం మైపాడు వైపు ఒక పాళెంలో, ఇసకలో ఉన్న పడవను నలుగురు ఆడపిల్లలు అలల్లోకి నెట్టి, ఎగిరి దూకి ఎక్కి, పెద్దవాళ్ళు కేకలేస్తుంటే నవ్వుకుంటూ తిరిగి రావడం చూశాను. సరదాకే. ఎవరూ నేర్పలేదు.

మీకు ఒక వార్త చెప్పాలి. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో రోయింగు సముద్రపు ఒడ్డుకు వస్తోంది. తక్కువ బరువు పందేల స్థానంలో బీచ్ స్ప్రింట్ అని పెడుతున్నారు. ఇసక మీద పరుగెత్తి, పడవలోకి దూకి, నీళ్ళలో తేలే గుర్తుల మధ్య మెలికలు తిరుగుతూ 250 మీటర్లు పోయి, తిరిగి 250 మీటర్లు వచ్చి, దిగి మళ్ళీ పరుగెత్తి బజరు నొక్కాలి. పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి, ఇద్దరూ కలిసిన జంటకు ఒకటి. నిశ్చలమైన సరస్సు అక్కర్లేదు. అల ఎప్పుడు విరుగుతుందో తెలిసి ఉండాలి. అది మన పాళెం పిల్లలకు ఎవరు నేర్పాలి చెప్పండి? దొరల క్లబ్బుల్లో పుట్టి, గట్టిగా తలుపులేసుకున్న ఆట ఇన్నేళ్ళకు నడుచుకుంటూ మన ఇసక మీదికి వచ్చింది.

మన పిల్ల ఒకతి 2028లో పతకం తెస్తుందని నేను చెప్పడం లేదు. అలాంటి మాట ఒక పిల్ల భుజాన పెట్టి చూశాను, దాని ఖరీదు నాకు తెలుసు. నేను చేస్తున్నది చిన్న పని. ఆదివారాలు పొద్దున ఆ పాళెంలో పదకొండు మంది ఆడపిల్లలకు, ముందు ఈత, తర్వాత తెడ్డు నేర్పుతున్నాను. ఊరి పెద్దలు మొదట ఒప్పుకోలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు మన తీరంలో ఆడవాళ్ళు, పిల్లలు ఎంత అవస్థ పడ్డారో గుర్తు చేసి, ఈత అయినా నేర్పనివ్వండి అన్నాను. ఆ మాట మీద ఒప్పుకున్నారు. ఒక తండ్రి తన పాత పడవ ఇచ్చాడు. అదే మా క్లబ్బు.

మిమ్మల్ని చందా అడగడానికి రాలేదు. ఎవరైనా లైఫ్ జాకెట్టు ఒకటి కొనిస్తే కాదనను. నాకు ముఖ్యంగా కావలసింది గట్టు మీద కూర్చునే మనుషులు. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ తలలు లెక్కపెడుతూ కూర్చోవాలి. పదకొండు ఉన్నాయా, పదకొండు ఉన్నాయా అని. ముప్పై ఏళ్ళు లెడ్జర్లు సరిచూసిన వాళ్ళం, మన కంటే బాగా లెక్కపెట్టేవాళ్ళు ఎవరున్నారు? మా అత్తయ్య ఫ్లాస్కు ఇంకా నా దగ్గరే ఉంది, కాఫీ నేను తెస్తాను.

రిటైరైనవాళ్ళు వెనక్కి చూడటం తప్ప ఇంకేం చేస్తారని బయటివాళ్ళు అంటుంటారు. రోయింగు చేసేవాళ్ళు చేసేదీ అదే. వెనక్కే చూస్తారు, కానీ తెడ్డు ఆపరు గనక పడవ ముందుకే పోతుంది. దాటి వచ్చిన నీళ్ళలో నా తప్పు కూడా నాకు రోజూ కనబడుతుంది. అది కనబడుతున్నంత కాలం పడవ గాడి తప్పదని నా నమ్మకం.

 ఆదివారం పొద్దున ఆరింటికి ఆటో మాట్లాడి ఉంచుతాను. సెలవు.